మూడు చుట్టల తోలుపెట్టె

మా కచేరీ దస్త్రాలలో లస్కరు ఎలీయాజరుకు సంబంధించిన ఉత్తరాలు మూడు ఉన్నాయి. మూడింటికీ సాఫుప్రతి రాసినవాడిని నేనే. మొదటిది అతని అర్జీ, రెండవది దానికి వచ్చిన జవాబు, మూడవది అతని సంజాయిషీ. ఆ మూడింటిలో ఎక్కడా చుట్టల పెట్టె ప్రస్తావన లేదు. విషయానికి అవసరం లేని మాట ఉత్తరంలో ఉండరాదన్నది నేను ఈ ఉద్యోగంలో చేరిన రోజున నేర్చుకున్న నియమం. ముప్పై యేళ్ళుగా దానిని తప్పలేదు. అయితే ఆ మనిషికి జరిగినదంతా ఆ మూడు కాగితాలలో ఇమడలేదు గనుక, మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

ఎలీయాజరుది కొల్లేటి ఒడ్డున జమ్ములంక. ఏలూరులోని మా మురుగుకాలువల కచేరీలో పద్దెనిమిదేళ్ళుగా లస్కరు. ఇంజనీరు దుర్భిణి యంత్రంలో చూసి చెయ్యి ఊపితే, కొలత గొలుసు కొస పట్టుకుని బురదలోనైనా, ముళ్ళలోనైనా తిన్నగా నడిచిపోవడం అతని పని. గొలుసు ఆగినచోట కొయ్యమేకు దిగగొట్టడం కూడా అతని పనే. నల్లని పొడగరి, మితభాషి. అతను దింపిన మేకును మళ్ళీ సరిచేయవలసి వచ్చిందని ఏ ఇంజనీరూ రాయగా నేను చూడలేదు.

అతని తండ్రి తోలుపనివాడు. లంకలలోని రైతులకు చెప్పులు కుట్టేవాడు, నీళ్ళు తోడే తోలుబొక్కెనలు బాగుచేసేవాడు. మిషనువారి దగ్గర బాప్తిస్మం పుచ్చుకుని కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నాడు. కొడుకు సర్కారు పనిలో చేరినా తండ్రి పనిముట్లు పారవేయలేదు. తోలు కోసే రంపి, కుట్టుకు బెజ్జాలు పొడిచే ఆరె, తోలును నునుపు దిద్దే గేదెకొమ్ము ముక్క, ఈ మూడూ ఒక గుడ్డసంచిలో అతని ఇంటి దూలానికి వేలాడుతూ ఉండేవి.

ఎలీయాజరుకు, అతని భార్య పాపమ్మకు చాలా కాలానికి ఒక ఆడపిల్ల పుట్టింది. దానమ్మ అని పిలుచుకున్నారు. ఏడో యేట జ్వరం తగిలి పోయింది. ఆ పిల్లను లంక చివర ఉన్న దిబ్బ మీద పాతిపెట్టారు. కొల్లేటిలో మెరకనేల అపురూపం. ఊళ్ళోకి నీళ్ళు వచ్చినప్పుడు గొడ్లూ గోదా, పిల్లా పెద్దా అందరూ ఆ దిబ్బెక్కి, సమాధుల మధ్యనే పొయ్యిలు పెట్టుకుని వండుకుంటారు. అట్టి రోజులలో పాపమ్మ కూతురి సమాధి పక్కన చాప పరుచుకునేది. ఆ నాలుగు రోజులూ ముగ్గురం ఒకచోట ఉన్నట్టు ఉంటుందని ఆమె అనేదట.

1935 ఫిబ్రవరిలో ఆ ప్రాంతానికి కొత్త మురుగుకాలువ మంజూరైంది. కాలువ గీత మాగాణి మధ్యగా తిన్నగా వచ్చి, జమ్ములంక దిబ్బను తూర్పు అంచున చీల్చి, సరస్సులో కలుస్తుంది. మొదటి కొలతనాడు గొలుసు కొస పట్టుకుని దిబ్బెక్కిన ఎలీయాజరు, గొలుసు తన కూతురి సమాధి మీద పడి ఉండడం చూసి అక్కడే నిలబడిపోయాడు. ఇంజనీరు రెండుసార్లు చెయ్యి ఊపినా కదలలేదు.

మరునాడు నా దగ్గరకు వచ్చాడు.

"పంతులుగారూ, అర్జీ రాసి పెట్టాలండి. గీత పదిహేను అడుగులు తూర్పుకి జరిగితే చాలండి. అంతకంటే అడగను."

రాశాను. అతను వేలిముద్ర వేశాడు. అసిస్టెంటు ఇంజనీరు భీమశంకరంగారు దానిమీద, 'స్థలము చూచి నిర్ణయింపబడును' అని రాశారు. ఆ తరువాతి వారం ఆయన కాలువ బంగళాలో మకాం పెట్టారు. పటాలు, కాగితాలు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. శనివారంనాడు ఆఖరి మేకులు దిగాలి. అవి దిగితే గీత మారదు.

భీమశంకరంగారు యువకులు, పనిమంతులు, కోపం వచ్చినా త్వరగా మరచిపోయే మనిషి. చుట్టలు కాల్చడం ఆయనకున్న ఒకే వ్యసనం. ఇంట్లో పెద్దలకు తెలియకుండా, మకాములలో మాత్రమే కాల్చేవారు. చొక్కా జేబులో చుట్టలు పెట్టుకుని యంత్రం మీదకు వంగడం వల్ల అవి విరిగిపోయేవి, లేదా మంచుకు మెత్తబడేవి. సోమవారం ఉదయం విరిగిన చుట్టను పారవేస్తూ, "వీటికొక పెట్టె ఉంటే ఎంత బాగుండును!" అన్నారు. పక్కన గొలుసు చుడుతున్న ఎలీయాజరు ఆ మాట విన్నాడు. ఆయన వెళ్ళిన తరువాత ఆ చుట్టముక్కను ఏరి తలపాగాలో దాచుకున్నాడు.

దీనిని లంచమని చదువరులు అనుకోరాదు. లంకలలో ఒక ఆచారం ఉంది. పెద్దమనిషిని ఏదైనా కోరబోయేవాడు వట్టి చేతులతో గడప తొక్కడు. గుమ్మడికాయో, గుడ్లో, చేతనైన వస్తువో ముందుగా పెట్టి, తరువాత నోరు విప్పుతాడు. అర్జీనాడు తాను వట్టి చేతులతో వెళ్ళాననీ, అందుకే పని కాలేదనీ ఎలీయాజరు మనసులో పడింది.

ఆ మధ్యాహ్నమే సెలవు అడిగి ఏలూరు వెళ్ళాడు. పవరుపేటలో జట్కా గుర్రాలకు జీనులు, కళ్ళేలు కుట్టే సుభాని అతని తండ్రికి స్నేహితుడు.

"ఏమయ్యా ఎలీయాజరూ, కాలువ గొలుసు తెగిందా? కుట్టిమ్మని నా దగ్గిరికి పంపారా?" అన్నాడు సుభాని.

"తోలు ముక్క కావాలండి సాయిబుగారూ. పల్చగా, మచ్చ లేకుండా. ఇంజనీరుగారి చుట్టలకి పెట్టె చేద్దామనండి."

"బాగుంది! చేపలు పట్టే లంకలో నువ్వు చుట్టల పెట్టెలు చెయ్యి, గుర్రాల పేటలో నేను పడవలు చేస్తాను."

ఎలీయాజరు నవ్వలేదు. దిబ్బ సంగతి చెప్పాడు. సుభాని చేతిలోని సూది కింద పెట్టి, లోపలికి వెళ్ళి, లేత దూడతోలు ముక్క ఒకటి తెచ్చాడు. ఒక జమీందారు గుర్రపు జీను కోసం దాచినదట. దానితో పాటు నిమ్మకాయంత తేనెమైనం కూడా చేతిలో పెట్టాడు.

"ఇదిగో విను. తడి పూర్తిగా ఆరందే అచ్చు మీంచి తియ్యకు. పొయ్యి దగ్గిర పెట్టావంటే అప్పడంలా ముడుచుకుపోద్ది. ఆఖర్ని ఈ మైనం రుద్దు. నూనె జోలికి మాత్రం పోకు. పొగాకు పక్కింటి వాసన కూడా పీల్చేసుకుంటది."

"అలాగేనండి," అని ఎలీయాజరు తోలును చొక్కాలో పెట్టుకుని వచ్చాడు.

అచ్చు కోసం అతను విరిగిన కొయ్యమేకు ఒకదానిని అడిగి తీసుకున్నాడు. మంచి మేకును ముట్టుకోలేదు. ఆ తుమ్మకొయ్యను చెక్కి, పక్కపక్కన పడుకున్న మూడు చుట్టల ఆకారం తెచ్చాడు. లావు సరిపోయిందో లేదో దాచిన చుట్టముక్కతో సరిచూశాడు. తోలును కుండనీళ్ళలో బుడగలు ఆగేవరకు నానబెట్టి, అచ్చుకు చుట్టి, దారంతో బిగించాడు. కొమ్ముముక్కతో ఒక్కొక్క పల్లంలోకీ తోలును ఒత్తుకుంటూ పోయాడు. గట్టిగా ఒత్తితే తోలు చిరుగుతుంది, మెల్లగా ఒత్తితే ఆకారం నిలవదు. పద్దెనిమిదేళ్ళు గొలుసు లాగిన చేతులకు ఆ కొలత మళ్ళీ దొరకడానికి ఒక పూట పట్టింది.

పాపమ్మ గుమ్మంలో కూర్చుని, లంక ఆడవాళ్ళ తీరున నిప్పు నోటి లోపలికి పెట్టి, అడ్డపొగ తాగుతూ చూస్తోంది.

"నా చెప్పు తెగి యాడాదైంది," అన్నది. "దానికి మాత్రం నీ చెయ్యి రాదు."

"ఇదయ్యాక కుడతాలేవే."

"ఇదంతా ఎందుకయ్యా? గొలుసు కొస నీ చేతిలోదే గదా. నాలుగడుగులు పక్కకి జరిగి నిలబడు. అంత దూరాన్నుంచి ఆయనకేం కనపడుద్ది?"

ఎలీయాజరు చేతిలోని పని ఆపాడు. "కనపడుద్ది. కనపడకపోయినా నేనా పని చెయ్యను. ఊళ్ళో ఎవరి పొలానికీ చెయ్యనిది, మన పిల్లకని చేస్తానా?"

పాపమ్మ లేచి, దారానికి మైనం పూసి ఇచ్చింది.

మంగళవారమంతా తోలు నీడన ఆరింది. బుధవారం పెట్టె ఒడలికే కాగితం చుట్టి, దానిమీద తడితోలు బిగించి, మూతకు ఆకారం తీశాడు. అట్లా చేస్తేనే మూత ఒడలికి అతికినట్టు కూర్చుంటుంది. అంచులు రంపితో కోసి, ఆరెతో బెజ్జాలు పొడిచి, కుట్టుకూ కుట్టుకూ ఒకే ఎడం ఉండేలాగు కుట్టాడు. చింతగింజల జిగురు పూసి అంచులను కొమ్ముతో రుద్దగా అవి నిగనిగలాడాయి. కరక్కాయ కషాయంలో ఇనుపతుప్పు నానబెట్టి నల్లరంగు దించాడు. చివరికి సుభాని ఇచ్చిన మైనం పట్టించి, చూరు కింద పెట్టాడు.

గురువారం ఉదయం చూసేసరికి పెట్టె మీద తెల్లగా బూజు పట్టి ఉంది. ఆ వారమంతా కొల్లేటి మీద మంచు విడవలేదు. గుడ్డతో తుడిచాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పట్టింది. కుట్ల సందులలో మరీ దట్టంగా ఉంది. ఇక మిగిలింది ఒక్క రోజు. మళ్ళీ చేయడానికి తోలూ లేదు, సమయమూ లేదు. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, గోడకు చేరగిలబడి, అతను చాలాసేపు కదలకుండా కూర్చున్నాడని పాపమ్మ తరువాత నాతో చెప్పింది.

అప్పుడతనికి తండ్రి గుర్తుకు వచ్చాడు. తండ్రి చేసిన ఏ బొక్కెనకూ, ఏ చెప్పుకూ బూజు పట్టేది కాదు. కొల్లేటి తడిని ఓర్చుకునేది కొల్లేటి నూనె ఒక్కటేనని ఆయన అనేవాడు. వాలుగ చేపలను ఉడికించి తీసే ఆ నూనెను లంకలవారు పడవలకూ తోలుకూ పూస్తారు. ఇంట్లో మూడేళ్ళుగా తేరిన నూనె ఒక సీసాడు ఉంది. ఎలీయాజరు దానిని మూడు మడతల గుడ్డలో మూడుసార్లు వడకట్టాడు. తేనెలాగా తేటపడింది. సుభాని మాట అతనికి జ్ఞాపకం లేకపోలేదు. అందుకే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. వాసన లేదు. పాపమ్మకు ఇచ్చాడు. ఆమె కూడా వాసన చూసి లేదన్నది.

చేతితో మెల్లమెల్లగా నూనె పట్టించాడు. తోలు తాగినంతా తాగింది. బూజు వదిలిపోయి, పెట్టె కాకి రెక్కలా మెరిసింది. అంతటితో తృప్తిపడక, పాపమ్మ చుట్టలు మూడు అందులో పెట్టి మూత వేశాడు. శుక్రవారం ఉదయం పాపమ్మ ఒకటి తీసి కాల్చింది.

"ఎలా ఉందే?"

"చుట్టలాగే ఉంది. ఇంకెలా ఉంటది?"

పుట్టిన నాటినుంచి చేపలు ఎండే దడుల మధ్య, చేపనూనె పూసిన పడవలలో బతికిన ఆ ఇద్దరికీ ఆ వాసన గాలితో సమానం. గాలికి వాసన ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

శుక్రవారం సాయంత్రం ఎలీయాజరు బంగళా వసారాలోకి వచ్చి, పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపల పటాలు సర్దుతున్నాను.

"ఏమిటోయ్ అది?" అన్నారు భీమశంకరంగారు. ఆనాడు ఆయన జలుబుతో ముక్కు దిబ్బడ వేసి, కషాయం తాగుతూ కూర్చున్నారు.

"అయ్యగారి చుట్టలు ఇరిగిపోతన్నాయని, పెట్టె చేశానండి."

ఆయన మూత లాగారు. అది చిన్న చప్పుడుతో ఊడి, మళ్ళీ అదే చప్పుడుతో కూర్చుంది. మూడు చుట్టలు లోపల పెట్టి మూశారు. పెట్టె మీద ఆ మూడింటి ఆకారమూ వేళ్ళకు తగులుతోంది. దానిని అటూ ఇటూ తిప్పి, "ఇది నువ్వు చేశావా? మద్రాసు అంగళ్ళలో కూడా ఇంత పని చూడలేదోయ్!" అన్నారు. "దీనికి నీకేం కావాలి?"

"దీనికేం వద్దండి. రేపు మేకు దిగేముందర ఒక్కసారి దిబ్బ మీదికొచ్చి చూడండి, బాబుగారూ. పదిహేను అడుగులండి. ఏడేళ్ళ పిల్లండి."

భీమశంకరంగారు పెట్టెను బల్లమీద పెట్టారు. "చూద్దాం. పటం ఒకసారి చూస్తాను. వెళ్ళు," అన్నారు. ఆ గొంతులో కాదనడం లేదు. ఎలీయాజరు మెట్లు దిగుతూ నాకు కూడా దండం పెట్టాడు. పద్దెనిమిదేళ్ళలో అతను పళ్ళు కనపడేట్టు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

శనివారం ఉదయానికి ఇంజనీరుగారి జలుబు తగ్గింది. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెట్టె జేబులో పెట్టుకుని, పటం మడిచి చంకలో పెట్టుకున్నారు. బయలుదేరేముందు చుట్ట ముట్టించారు. ఒక్క పీల్పుకే కళ్ళనీళ్ళపర్యంతం దగ్గారు. వసారా అంచుకు పరుగెత్తి వాంతి చేసుకున్నారు. చుట్ట, వేళ్ళు, చొక్కా, పటం, అన్నీ ఒకటే వాసన. శాకాహారపు కుటుంబంలో పుట్టిన మనిషి. వంటబ్రాహ్మణుడు ఆయన విప్పిన చొక్కాను చేత్తో ముట్టుకోక, కర్రకొసన తగిలించి, పామును తీసుకుపోయినట్టు దొడ్లోకి తీసుకుపోయాడు. గొలుసు కూలీలు నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఎలీయాజరూ! చేపలబుట్ట తెచ్చి నా జేబులో పెడతావా?"

ఎలీయాజరు పరుగున వచ్చి పెట్టె అందుకున్నాడు. మూత తీసి లోపల వాసన చూశాడు. మూతను చూశాడు. పైన చూశాడు. మళ్ళీ లోపల చూశాడు.

"వాసనేముందండీ, బాబుగారూ?"

కూలీలు ఈసారి పైకే నవ్వారు. భీమశంకరంగారి ముఖం ఎర్రబడింది. "నాతో వేళాకోళమా?"

"అయ్యయ్యో, లేదండీ! తోలు వాసన వస్తందండి. కొంచెం మైనం వాసన. ఇంకేం లేదండీ. మీ పాదాల మీద ఒట్టండీ."

ఆ ముఖం చూసిన తరువాత ఎవరూ నవ్వలేదు. ఇంజనీరుగారు కూడా మరి కోప్పడలేదు. వేరే చొక్కా తొడుక్కుని, "పద. పొద్దెక్కుతోంది," అన్నారు.

దిబ్బ మీద పాపమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. భీమశంకరంగారు సమాధినీ, దూరాన పాతిన కొలత జెండానీ, చేతిలోని పటాన్నీ మార్చి మార్చి చూశారు. పటం విప్పినప్పుడల్లా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"లైను మారదు, ఎలీయాజరూ," అన్నారు చివరికి. "ఇక్కడ వంపు తిప్పితే అంచనా అంతా మళ్ళీ పైకి వెళ్ళాలి. నా చేతిలో లేదు. మేకు కొట్టించు."

అతను మరొకరి చేత కొట్టించలేదు. తానే పట్టుకుని తానే కొట్టాడు. ఆరు దెబ్బలు. మేకు తిన్నగా దిగింది.

ఆ పటం సాఫుప్రతి తీయడానికి సోమవారంనాడు నా బల్ల మీదకు వచ్చింది. దిబ్బ ఉన్నచోట, గీతకు తూర్పుగా, పెన్సిలుతో తిప్పి చెరిపివేసిన చిన్న వంపు ఒకటి కనిపించింది. అది ఎప్పుడు గీసినదో, ఎప్పుడు చెరిపినదో చెప్పడానికి ఆధారం లేదు. చెరిపిన గీతను ప్రతిలో చూపరాదు గనుక నేను చూపలేదు. ఎలీయాజరుతో కూడా చెప్పలేదు.

అదే వారం జవాబు వెళ్ళింది. గీత మార్చుటకు వీలులేదనియు, సంబంధీకులు కోరినచో పదిహేను దినములలో అవశేషములను వేరొక చోటికి తరలించుకొనవచ్చుననియు అందులో ఉంది. దిబ్బ మీద మిగిలిన మెరకంతా పాత సమాధులే. పాపమ్మ అన్న తాడేపల్లిగూడెంలో ఉన్నాడు. అక్కడి చర్చి సంఘంవారి స్థలంలో చోటిస్తామన్నారు.

ఆరేళ్ళు తడినేలలో ఉన్న పసిపిల్ల. పార పెట్టడానికి మనసొప్పక ఎలీయాజరు ఆఖరి మూరెడు లోతూ చేతులతోనే తవ్వాడు. ఏం దొరికిందో అతను చెప్పలేదు. నేను అడగలేదు. "పెట్టెలో పట్టిందండి," అన్నాడు, అంతే. ఇంజనీరుగారు మళ్ళీ అడగని ఆ చుట్టల పెట్టె కంటే, పిల్లను పెట్టడానికి ఇంట్లో మంచి వస్తువు లేదు.

ఏలూరులో ప్యాసింజరు రైలెక్కారు. పాపమ్మ పెట్టెను కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. రైలు కదిలిన కొంతసేపటికి ఎదుటి బల్లమీది పెద్దమనిషి ముక్కు మూసుకున్నాడు.

"ఏవండీ, ఎవరండీ చేపలెక్కించింది? బ్రేకువానులో వెయ్యాలి గాని, మనుషుల మధ్యనా?"

"కొల్లేటి వాలుగండోయ్," అన్నాడు పక్కన కూర్చున్న ఇంకొకాయన. "ఏమ్మా, చుట్టాలింటికా? మాకూ ఓ ముక్క పెట్టకూడదూ?"

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. పాపమ్మ కొంగు మరింత బిగించి పట్టుకుంది. అంతవరకు ఇంజనీరుగారే ఏదో వంక పెట్టారని ఆమె అనుకుంటూ ఉండేదట. మొదటిసారి భర్త వైపు తిరిగి, "ఉందిటయ్యా, వాసన," అన్నది.

"ఉండనీ," అన్నాడు ఎలీయాజరు. "పిల్లకి తెలిసిన వాసనే."

తాడేపల్లిగూడెంలో ఆ పెట్టెను మూత తీయకుండానే పాతిపెట్టారు. రెండు రోజులు పనికి రానందుకు కచేరీ అతనిని సంజాయిషీ అడిగింది. రాసిపెట్టమని నా దగ్గరకే వచ్చాడు. కారణం ఏమని రాయమంటావని అడిగాను. ఇట్టి వాటికి సాధారణంగా 'సొంత పని' అని రాస్తామని కూడా చెప్పాను.

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మా అమ్మాయిని గూడెంలో దిగబెట్టడానికని రాయండి, పంతులుగారూ."

అట్లాగే రాశాను. అతను వేలిముద్ర వేసి, సిరా తలపాగాకు తుడుచుకుని, గొలుసు భుజాన వేసుకుని బయటకు నడిచాడు. ఆనాటి కొలత జమ్ములంక దిబ్బ దగ్గరే.